ట్యాంకు మీద గొట్టం ఉంటే చాలదా? పాత ఇంట్లో కొత్త బాత్రూం పైపుల లెక్క

నెల్లూరైనా ఒంగోలైనా, పాతికేళ్ల కిందట కట్టిన ఇళ్లలో ఈ మధ్య తరచూ కనిపించే పని ఒకటుంది. పెరట్లో విడిగా ఉన్న మరుగుదొడ్డికి నడవడం పెద్దవాళ్లకు కష్టమవుతోందని, పడగ్గదికి ఆనించి వెస్ట్రన్ సీటుతో కొత్త బాత్రూం కట్టించడం. టైల్స్ రంగు గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. కింద వేసే పైపు సంగతి మేస్త్రికి వదిలేస్తారు. ఈలోగా ఇంట్లో చదువుకున్న పిల్లవాడు ఎవరో యూట్యూబులో అమెరికా వీడియో చూసి, "ప్రతి ట్రాపుకీ వెంట్ పైపు, అంటే గాలి గొట్టం, ఉండాలంట" అంటాడు. మేస్త్రి నవ్వేసి, "సెప్టిక్ ట్యాంకు మీద గొట్టం ఉండాది గదన్నా, మళ్లీ ఈడెందుకు ఇంకోటి?" అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో తేల్చాలంటే ఆ పైపులో నీళ్లూ గాలీ ఎలా నడుస్తాయో మొదటి నుంచీ చూడాలి.

## వంపులో నిలిచే రెండంగుళాల నీళ్లు

కమోడ్ వెనకా, స్నానం నీళ్లు పోయే గచ్చు జాలీ కింద ఉండే నాని ట్రాపులోనూ, వాష్‌బేసిన్ కిందా పైపు ఒకచోట కిందికి దిగి మళ్లీ పైకి లేస్తుంది. ఆ వంపే ట్రాపు. అక్కడ ఎప్పుడూ కొద్దిగా నీళ్లు నిలిచి ఉండి, అవతలి వాసననీ బొద్దింకల్నీ ఇవతలికి రానివ్వవు. దీన్ని వాటర్ సీల్ అంటారు. కమోడ్‌కైనా, నాణ్యమైన నాని ట్రాపుకైనా సీల్ లోతు 50 మి.మీ., అంటే రెండంగుళాలు.

ఇది చాలా సున్నితమైన అడ్డు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు పది మీటర్ల ఎత్తు నీటితో సమానం. పైపులో ఆ పీడనం అర శాతం తగ్గినా, పెరిగినా రెండంగుళాల నీళ్లు కదిలిపోతాయి. తగ్గితే సీల్‌ని లోపలికి లాగేస్తుంది. పెరిగితే నీళ్లు బుడగలుగా ఇవతలికి ఎగదన్నుతాయి. ఈ రెంటినీ ఆపడమే వెంట్ పైపు చేసే పని.

సీల్ పోవడానికి ఇంకో దారి కూడా ఉంది: ఎండిపోవడం. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఏడాదికోసారి తెరిచే మిద్దె మీది బాత్రూంలో మే నెల వేడికి ట్రాపులో నీళ్లు ఆవిరైపోతాయి. ఆ వాసనకి ప్లంబర్‌ని పిలిచి పైపు పగలగొట్టించిన ఇళ్లున్నాయి. చెంబెడు నీళ్లు పోస్తే పోయే వాసన అది. కొట్లో చవగ్గా దొరికే కొన్ని జాలీ ట్రాపుల్లో సీల్ లోతు అంగుళం కూడా ఉండదు కాబట్టి అవి ఇంకా తొందరగా ఎండుతాయి. ఎంత పెద్ద వెంట్ పెట్టినా ఈ సమస్యకు మందు కాదు.

## నీళ్లు పోవాలంటే గాలి ఎందుకు కదలాలి

నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. ఎదురుగా రెండో చిల్లు పెడితే ధారగా పడుతుంది. పైపులోనూ అంతే. కమోడ్ ఫ్లష్ చేసినప్పుడు ఆరు లీటర్ల నీళ్లు కొన్ని సెకన్లలో పైపులోకి దూకుతాయి. ఆ నీళ్ల ముందున్న గాలికి పోయే దారి కావాలి, వెనక ఏర్పడే ఖాళీలోకి గాలి వచ్చే దారి కావాలి. దారి లేకపోతే దగ్గర్లో ఉన్న ట్రాపులోంచే గాలి దూరుతుంది. కమోడ్ ఫ్లష్ చేయగానే పక్కనున్న నాని ట్రాపు గుటకలేసిన చప్పుడు చేస్తే అర్థం అదే.

కమోడ్‌కి ఒక వెసులుబాటుంది. సీల్ కొంత పోయినా, ఫ్లష్ ట్యాంకు చివర్లో వదిలే నీళ్లతో మళ్లీ నిండుతుంది. నాని ట్రాపుకి ఆ సదుపాయం లేదు. అందుకే వెంట్ లేని బాత్రూంలో వాసన చాలాసార్లు కమోడ్ నుంచి కాకుండా స్నానం చేసే మూల నుంచి వస్తుంది. మనం మాత్రం కమోడ్‌ని అనుమానిస్తాం.

## ట్యాంకు గొట్టం వేరు, లైను గొట్టం వేరు

మన ఇళ్లలో కనిపించే గాలి గొట్టాలు ప్రధానంగా రెండు. మొదటిది సెప్టిక్ ట్యాంకు మీద నిలబెట్టేది. ట్యాంకులో మలం కుళ్లినప్పుడు మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులు పుడతాయి. అవి బయటికి పోవడానికే ఈ గొట్టం. సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం దీని వ్యాసం కనీసం 50 మి.మీ. ఉండాలి, కొనకు దోమల జాలీ ఉండాలి. ట్యాంకు ఇంటికి 15 మీటర్లకన్నా దగ్గరగా ఉంటే గొట్టం ఇంటి పైకప్పుకన్నా రెండు మీటర్లు ఎత్తుండాలి. మన స్థలాల్లో పదిహేను మీటర్ల దూరం ఎవరికి దొరుకుతుంది? కాబట్టి దాదాపు అన్ని ఇళ్లకూ ఈ లెక్కే వర్తిస్తుంది. వీధుల్లో చూస్తే మాత్రం ప్రహరీ ఎత్తుకే ఆగిపోయిన గొట్టాలు ఎక్కువ, పొరుగింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా. ఇంకొందరు దోమలు వస్తున్నాయని దాని మూతికి గుడ్డ కట్టేస్తారు. జాలీ కట్టాల్సిన చోట గుడ్డ కడితే గ్యాస్ ఇంట్లోకే దారి వెతుక్కుంటుంది.

రెండోది సాయిల్ లైనుది. కమోడ్ నుంచి వచ్చే పైపును నిలువుగా డాబా పైదాకా పొడిగించి, కొనకు కౌల్, అంటే గాలి ఆడే చిల్లుల మూత, తొడుగుతారు. కింది భాగంలో నీళ్లు పోతాయి, పై భాగంలో గాలి ఆడుతుంది. విడిగా వెంట్ పైపు లేకుండా ఆ నిలువు పైపే రెండు పనులూ చేస్తే దాన్ని సింగిల్ స్టాక్ పద్ధతి అంటారు. మన ఊళ్లలో సాయిల్ లైను, స్నానం, బేసిన్ నీళ్లు పోయే వేస్ట్ లైను విడివిడిగా దించి, స్నానం నీళ్లను గోడ బయట నేలలో జాలీతో ఉండే గల్లీ ట్రాపు మీదుగా పంపే రెండు పైపుల పద్ధతి ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

మేస్త్రి వాదన ఏమిటంటే, ట్యాంకులో పైపు దిగే చోట పెట్టే టీ (T ఆకారపు పైపు ముక్క) పై మూతి నీటి మట్టానికి పైన తెరిచి ఉంటుంది కాబట్టి, ట్యాంకు గొట్టంలోని గాలే పైపులోకీ వస్తుంది. నిజమే. ఒకే కమోడ్, పదీ పన్నెండు అడుగుల పైపు, ట్యాంకులో నీటి మట్టం మామూలుగా ఉంటే ఇది పనిచేస్తుంది. వేల ఇళ్లు ఇలాగే నడుస్తున్నాయి.

## నవంబరులో మారిపోయే లెక్క

మన జిల్లాలకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. 2015 నవంబరులోనూ, 2021 నవంబరులోనూ వరదలు వచ్చినప్పుడు ఏమైందో నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. వరద దాకా పోనక్కర్లేదు, మామూలు వానలకే తీరప్రాంతంలో భూమిలో నీళ్లు పైకొస్తాయి. ఇంకుడు గుంత ఇంకించుకోవడం మానేస్తుంది. ట్యాంకులోంచి నీళ్లు బయటికి పోక మట్టం పెరుగుతుంది. కనిగిరి, పొదిలి వైపు రాతి నేలల్లో నీళ్లు పైకి ఉబకవు గానీ, గుంతే సరిగ్గా ఇంకదు. ఫలితం ఒకటే.

మట్టం పెరిగి ట్యాంకులోని టీ మునిగిందంటే, అప్పటిదాకా పైపుకి గాలినిచ్చిన దారి మూసుకుపోతుంది. ఇటు కమోడ్ ట్రాపులో నీళ్లు, అటు ట్యాంకులో నీళ్లు, మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. ఫ్లష్ చేయగానే ఆ గాలి నొక్కుకుని నాని ట్రాపులోంచో, కమోడ్‌లోంచో బుడగలుగా తన్నుకొస్తుంది. మేలో మేస్త్రి మాట నిలుస్తుంది, నవంబరులో పిల్లవాడి మాట నిలుస్తుంది. సాయిల్ లైనుకి సొంత గొట్టం ఉన్న ఇంట్లో అదే వానల్లో ఫ్లష్ నెమ్మదిస్తుందే గానీ, గాలి అలా ఎదురుతన్నడం తగ్గుతుంది. గొట్టం ఉన్నంత మాత్రాన నిండిన ట్యాంకు ఖాళీ కాదు, అది వేరే సమస్య. దాన్ని యంత్రంతో తోడించాలి తప్ప మనిషిని దించడానికి వీల్లేదు. 2013 చట్టం రక్షణ సాధనాలు లేకుండా మనుషుల చేత ట్యాంకు శుభ్రం చేయించడాన్ని నేరంగా ప్రకటించింది. లోపలి గ్యాస్ క్షణాల్లో ప్రాణం తీస్తుంది.

## నైరుతి పడగ్గది నుంచి వాయవ్యం ట్యాంకు దాకా అంగుళాల లెక్క

గాలి సంగతి ఇది. నీళ్ల సంగతికొస్తే అంతా ఎత్తుల లెక్కే. ఒక ఉదాహరణ తీసుకుందాం. నలభై అంకణాల స్థలం. పెద్ద పడగ్గది నైరుతిలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో. వాస్తు చూసి కట్టిన ఇళ్లలో తరచూ కనిపించే అమరిక. వాస్తు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, కట్టిన ట్యాంకు ఉన్నచోటే ఉంటుంది గనక, పడగ్గదికి బాత్రూం కావాలంటే పడమటి గోడ వెంట పైపు పొడవు 32 అడుగులు.

నాలుగంగుళాల పైపుకి, అంటే కొట్లో 110 మి.మీ. అని ఇచ్చేదానికి, 40 అడుగులకి ఒక అడుగు వాటం అనేది మేస్త్రుల పాత లెక్క. ఆరంగుళాల పైపుకి 60కి ఒకటి. నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగంగుళాల పైపుకి 57కి ఒకటి దాకా ఒప్పుకుంటుంది. 32 అడుగులంటే 384 అంగుళాలు. 40కి ఒకటి చొప్పున దిగాల్సింది 9.6 అంగుళాలు, 57కి ఒకటి చొప్పున అయితే 6.7 అంగుళాలు.

ఇప్పుడు ఉన్నదెంతో చూడాలి. నీళ్ల ట్యూబుతో కొలిస్తే గచ్చు మట్టానికీ, ట్యాంకులోకి పైపు దిగే చోటికీ తేడా 15 అంగుళాలు వచ్చిందనుకుందాం. ఇల్లు పల్లంలో ఉంది. వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ పల్లమైపోయిన ఇళ్లు రెండు జిల్లాల్లోనూ బోలెడు. ఎస్ ట్రాపు కమోడ్ పెడితే పైపు గచ్చులోంచి కిందికి దిగి, బెండు తిరిగేసరికి దాని అడుగు గచ్చు కింద పది అంగుళాల దగ్గర ఉంటుంది. పదిహేనులో పది పోతే మిగిలింది అయిదు. 384 అంగుళాల పొడవుకి అయిదంటే 77కి ఒకటి. పాత లెక్కకీ సరిపోదు, కోడ్‌కీ సరిపోదు.

ఇక్కడ మేస్త్రి మొదట చెప్పేది బాత్రూం గచ్చు లేపడం. 40కి ఒకటి రావాలంటే 4.6 అంగుళాలు లేపాలి. మోకాళ్ల నొప్పుల అమ్మ కోసం కడుతున్న బాత్రూంకి అయిదంగుళాల మెట్టు! 57కి ఒకటితో సరిపెట్టుకుంటే 1.7 అంగుళాలు చాలు, అది గడప రాయి ఎత్తులో కలిసిపోతుంది.

ఇంకో దారి పి ట్రాపు కమోడ్. దీని పైపు గచ్చులోకి దిగకుండా వెనక గోడలోంచి బయటికి పోతుంది. గోడలో పైపు మధ్య బిందువు టైల్స్ వేసిన గచ్చుకి సుమారు 180 మి.మీ. ఎత్తులో ఉంటుంది. అంటే పైపు అడుగు గచ్చుకి దాదాపు అయిదంగుళాల పైన మొదలవుతుంది. పదిహేనుకి అయిదు కలిపితే ఇరవై. 9.6 వాటానికి పోగా ఇంకా పది అంగుళాలు చేతిలో ఉంటాయి. మెట్టు అక్కర్లేదు. పైపు గోడ బయట కనపడుతుంది, అంతే. పడమటి సందులో ఎవరు చూస్తారు గనక!

అయితే స్నానం నీళ్ల నాని ట్రాపు గచ్చులోనే ఉండాలి, దానికి కమోడ్‌లా పైకి లేచే వీలు లేదు. ఈ ఇంట్లో దాన్ని 75 మి.మీ. వేస్ట్ లైనుగా విడదీసి, గోడ దాటగానే గల్లీ ట్రాపులో దించితే ట్యాంకు దాకా మోయాల్సిన పని ఉండదు. రెండు లైన్లు విడిగా ఉంటే ఫ్లష్ దెబ్బకి నాని ట్రాపు సీల్ పోయే గొడవా ఉండదు. స్నానం నీళ్లు ట్యాంకులో కలపాలా వద్దా అనేది మరో తగువు. కలిపితే ట్యాంకు పెద్దది కావాలి, ఇంకుడు గుంత మీద భారం పెరుగుతుంది. కలపకపోతే ఆ నీళ్లు వీధి కాలువలో నిలిచి దోమలు. తోటకో, విడి గుంతకో పంపే జాగా ఉన్నవాళ్లకి ఈ తగువు లేదు.

పాత ఇంట్లో ఇంకో చిక్కు: కొలతలన్నీ పని పూర్తయ్యాక ఉండే గచ్చు నుంచి, గోడ నుంచి లెక్క. పాత నాపరాళ్లు తీయకుండా వాటిమీదే టైల్స్ వేస్తే గచ్చు రెండంగుళాలు లేస్తుంది, గోడ టైలు ఇంకో అంగుళం తింటుంది. ఎస్ ట్రాపు కమోడ్లలో గోడ నుంచి పైపు మధ్యకి దూరం మోడల్‌ని బట్టి నాలుగు, తొమ్మిది, పన్నెండు అంగుళాలుగా ఉంటుంది. పైపు వేసేశాక కమోడ్ కొనేవాళ్లు ఈ అంగుళం దగ్గరే ఇరుక్కుంటారు. వెనక ఫ్లష్ ట్యాంకు గోడకి తగిలి, సీటు పైపు మీద కూర్చోదు.

## వాటం ఎక్కువైతే ముప్పా, తక్కువైతే ముప్పా

వాటం జాస్తి అయితే నీళ్లు ముందు పారిపోయి మలం వెనక మిగిలిపోతుందని ప్లంబర్లు అంటారు. దీన్ని కొట్టిపారేసే వాళ్లూ ఉన్నారు. నిలువు పైపు కన్నా ఎక్కువ వాటం ఏముంటుంది, అందులో అడ్డు పడటం లేదు కదా అని వాళ్ల ప్రశ్న. కోడ్‌లో నాలుగంగుళాల పైపుకి గరిష్ఠ వాటం 5.6కి ఒకటి, అదీ ఎక్కువగా నీటి వేగం హద్దు కోసం. కాబట్టి 30కి ఒకటి వచ్చిందని కంగారు పడాల్సింది లేదు. మరోవైపు అమెరికా కోడ్‌లు నాలుగంగుళాల పైపుకి 96కి ఒకటి కూడా ఒప్పుకుంటాయి. ఆ లెక్కన మన 77 కూడా చెల్లాలి. కానీ అంత పలచటి వాటంలో పనితనం అంగుళంలో పావు వంతు తప్పినా పైపు ఎదురు వాటం తిరుగుతుంది. ఒకప్పటి ఫ్లష్ ట్యాంకులు పది లీటర్లకు పైగా వదిలేవి, ఇప్పటివి మూడో ఆరో వదులుతాయి. తక్కువ నీళ్లు, పొడుగు పైపు, పలచటి వాటం మూడూ కలిస్తే మలం మధ్యలో ఆగుతుంది.

అసలు అడ్డాలు ఎక్కువగా వచ్చేది పైపు మధ్యలో కుంగిన చోట. తీరంలో ఇసుక సరిగ్గా దిమ్మిస చేయకపోతే పైపు కుంగుతుంది. నల్లరేగడి నేలల్లో వానకి ఉబ్బి, ఎండకి బీటలిచ్చి జాయింట్లు కదులుతాయి. వేసిన లైను తిన్నగా ఉందో లేదో చూడటానికి ఐఎస్ 1742లో ఒక సులువైన పరీక్ష ఉంది. పైపు లోపలి వ్యాసం కన్నా 13 మి.మీ. చిన్నదైన నున్నటి బంతిని పై కొసన వదులుతారు. ఎక్కడా ఆగకుండా కింది కొసన బయటికి రావాలి. మట్టి కప్పకముందు అయితే నిమిషం పని.

## మిద్దె మీద ఇంకో బాత్రూం వస్తే

పై అంతస్తు వేసి అద్దెకిద్దామనే ఆలోచన ఉంటే వెంట్ గురించి వాదన అక్కడితో ముగుస్తుంది. పైన ఫ్లష్ చేసిన నీళ్లు నిలువు పైపులో పడుతూ గాలిని తమతోపాటు కిందికి లాక్కెళతాయి. పైన పీడనం తగ్గుతుంది, అడుగున బెండు దగ్గర పెరుగుతుంది. కింది బాత్రూం కనెక్షన్ ఆ బెండుకి మరీ దగ్గరగా ఉంటే, పైవాళ్లు ఫ్లష్ చేసినప్పుడల్లా కింద కమోడ్‌లో నీళ్లు ఎగురుతాయి. బ్రిటన్ నిబంధనల్లో మూడంతస్తుల దాకా ఈ ఎత్తు తేడా కనీసం 450 మి.మీ. ఉండాలంటారు. మన దగ్గర అంత ఎత్తు దొరకని ఇళ్లలో కింది బాత్రూం లైనుని విడిగా చాంబరులో, అంటే లైన్లు కలిసే మూత గుంటలో, కలుపుతారు. అదే మంచి ఏర్పాటు. అడుగున ఒకే 90 డిగ్రీల బెండు బదులు రెండు 45 బెండ్లు వాడితే దెబ్బ తగ్గుతుంది.

డాబా పైకి పొడిగించిన పైపు ముందు వైపు అందం చెడగొడుతోందని దాన్ని పై బాత్రూం దగ్గరే కోసి మూత బిగించడం చాలాచోట్ల చూస్తాం. దానికి ప్రత్యామ్నాయంగా గాలిని లోపలికి మాత్రమే రానిచ్చే వాల్వులు దొరుకుతున్నాయి. పీడనం తగ్గినప్పుడు తెరుచుకుని గాలినిస్తాయి గనక సీల్ లాగేయకుండా కాపాడతాయి. గాలిని బయటికి వదలవు గనక నవంబరు సమస్యకి పనికిరావు. డాబా మీది వాన నీళ్లను ఖర్చు మిగులుతుందని సాయిల్ పైపులో కలపడం వీటన్నిటికన్నా చెడ్డ పని. పెద్ద వానకి పైపు నిండా నీళ్లే పారి గాలికి చోటు లేకుండా పోతుంది, ఆ నీళ్లన్నీ వెళ్లేది అప్పటికే నిండిన ట్యాంకులోకి.

## వీడియోలోది మనకెంత, మనది మనకెంత

అమెరికా ఇళ్లలో చాలాచోట్ల కమోడ్, బేసిన్, షవరు, వంటింటి సింకు అన్నీ ఒకే లైనులో కలుస్తాయి. నీళ్లన్నీ ఒకేచోట పడతాయి గనక ఒక్కో ట్రాపుకీ గాలి దారి చూపించాల్సిన అవసరం అక్కడ ఎక్కువ. వేస్ట్ లైను గల్లీ ట్రాపు దగ్గర బయటి గాలికి తెరుచుకునే మన పద్ధతిలో, బేసిన్‌కీ నాని ట్రాపుకీ విడివిడిగా గొట్టాలు పెట్టాల్సిన పని చాలా ఇళ్లకు లేదు. కమోడ్ లైనుకి మాత్రం ఒక గొట్టం పైదాకా ఉండటం ఒకే అంతస్తు ఇంటికి కూడా దండగ కాదు. గాలి, వాన నీటికి వాడే ఎ రకం పైపు పలచన, మలం నీటికి వాడే బి రకం మందం. ఐఎస్ 13592లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. నేల మట్టం పైన ఆ గొట్టానికి ఎ రకం సరిపోతుంది కాబట్టి ఖర్చు రెండు పైపులూ ఒక కౌలూ. మట్టిలో వేసే లైనుకి మాత్రం ఎ రకం వాడితే నొక్కుకుపోతుంది.

ఇదంతా సెప్టిక్ ట్యాంకు ఉన్నంతకాలం లెక్క. భూగర్భ డ్రైనేజీ వీధిలోకి వచ్చి కనెక్షన్ ఇస్తే ట్యాంకును పక్కకు తప్పించి సాయిల్ లైనును నేరుగా వీధి చాంబరుకి కలుపుతారు. అప్పుడు ట్యాంకు గొట్టానికి ఇంటి పైపుతో సంబంధం తెగిపోతుంది, లైనుకి మిగిలే గాలి దారి దాని సొంత గొట్టమే. ఎత్తుల లెక్క కూడా మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి ట్యాంకు బదులు వీధి మ్యాన్‌హోల్ లోతుతో. ఇప్పుడు వేసే లైనులో ట్యాంకుకి ముందు ఒక చాంబరు కట్టి ఉంచితే, ఆ రోజు బాత్రూం గచ్చు ముట్టుకోకుండా అక్కడి నుంచే మళ్లించుకోవచ్చు.